టెక్ కంపెనీలు వేరే కంపెనీలను కొంటే నిజంగా విలువ పెరుగుతుందా?

లెక్క_తప్పదు:
పెద్ద డీల్ ఏది జరిగినా దూరదృష్టి అని పొగిడేస్తుంటారు. నాకు ఆ నమ్మకం లేదు. మైక్రోసాఫ్ట్ 2014లో 700 కోట్ల డాలర్లకు పైగా పెట్టి నోకియా ఫోన్ల వ్యాపారం కొంది. మరుసటి ఏడాదే 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకుంది. హెచ్‌పీ 2011లో సుమారు 1,100 కోట్ల డాలర్లకు ఆటానమీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొని, ఏడాది తిరిగేసరికి 880 కోట్లు వదులుకుంది. బాగుపడింది అమ్మినవాళ్లే. కొన్నవాళ్లకు ఏం మిగిలింది?

చిప్_చూపు:
ఆ రెండూ నష్టాలేనండి, కాదనను. కానీ నోకియా ఎందుకు పోయిందో చూడండి. ఆ ఫోన్లు నడిచిన మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ విండోస్ ఫోన్‌కి కరువైంది యాప్‌లు. మైక్రోసాఫ్ట్ కొన్నది ఫోన్లు తయారుచేసే వ్యాపారం. తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్టు.

ఇప్పుడు ఆపిల్ సంగతి. 2008లో పీఏ సెమీ అనే చిన్న చిప్ డిజైన్ కంపెనీని 27.8 కోట్ల డాలర్లకు కొంది. ఆపిల్‌కి కావలసింది ఆ ఇంజినీర్లు. సొంత చిప్‌ల విభాగానికి వాళ్లే పునాది అయ్యారు. 2010లో ఏ4 చిప్ వచ్చింది, 2020లో మ్యాక్ కంప్యూటర్లలో ఇంటెల్ చిప్‌ల స్థానంలోకి ఎం1 చిప్ వచ్చింది. బ్యాటరీ ఎక్కువసేపు ఆగడం, కొత్త చిప్ కోసం ఇంకో కంపెనీ దయమీద ఆధారపడకపోవడం, ఇవేవీ పీఏ సెమీ బ్యాలెన్స్ షీట్‌లో కనిపించేవి కావు. అదే బృందాన్ని, ఆ చిప్ పెట్టుకోవడానికి కోట్ల ఫోన్లు లేని కంపెనీ కొని ఉంటే ఇంత విలువ వచ్చేదే కాదు. విలువ సగం కొన్నవాడి దగ్గరే సిద్ధంగా ఉండాలి. నేను గట్టిగా నమ్మేది ఇదే.

కొత్త_సభ్యుడు:
మరి యూట్యూబ్ సంగతేంటండి? గూగుల్ 2006లో 165 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు దానికి లాభాలే లేవు కదా?

చిప్_చూపు:
లేవు. పైగా వీడియోలు చూపించడానికి సర్వర్ల ఖర్చు, కాపీరైట్ టెన్షన్. 2007లో వయాకామ్ 100 కోట్ల డాలర్లు కోరుతూ దావా కూడా వేసింది. ఒంటరిగా ఉంటే ఆ బరువు మోయడం కష్టం. గూగుల్‌కి అప్పటికే డేటా సెంటర్లు, ప్రకటనలు అమ్మే యంత్రాంగం, కోర్టులో నిలబడే స్తోమత ఉన్నాయి. యూట్యూబ్‌కి ఏది లేదో అది గూగుల్ దగ్గర ఉంది.

లెక్క_తప్పదు:
ఇన్‌స్టాగ్రామ్‌కి ఈ సూత్రం ఎలా పనిచేస్తుంది? 2012లో 13 మంది ఉద్యోగుల కంపెనీకి ఫేస్‌బుక్ పెట్టింది 100 కోట్ల డాలర్లు. పోటీ పడటం కన్నా కొనేయడం మేలని ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ 2008లోనే ఈమెయిల్‌లో రాసుకున్నారు. కంపెనీల మధ్య పోటీని కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2020లో వేసిన కేసులో ఆ మెయిల్‌నే ముందు పెట్టింది. అది విలువ సృష్టించడమా, పోటీని తుడిచేయడమా?

చిప్_చూపు:
రెండూ ఉన్నాయి, ఇక్కడ మీ మాటకి బలం ఉంది. 2025 నవంబర్‌లో కోర్టు మెటా (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు) పక్షాన తీర్పిచ్చింది నిజమే. అయితే టిక్‌టాక్, యూట్యూబ్ పోటీలో ఉండగా మెటాకి ఇప్పుడు గుత్తాధిపత్యం ఉందని ఎఫ్‌టీసీ రుజువు చేయలేకపోయిందన్నదే అందులోని కీలకాంశం. ఆనాటి ఉద్దేశం మంచిదని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. షేర్‌హోల్డర్లకు పెరిగిన విలువ, వాడేవాళ్లకు పెరిగిన విలువ ఒకటే అనుకోకూడదు. మొదటిదాన్ని షేరు ధర చూపిస్తుంది. రెండోదానికి అలాంటి కొలబద్ద లేదు.

లెక్క_తప్పదు:
కాబట్టే ఆపిన డీల్స్ కూడా చూడాలంటాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మే అడోబీ 2022లో 2,000 కోట్ల డాలర్లకు అదే రంగంలోని ఫిగ్మాను కొంటానంది. యూరప్, బ్రిటన్ నియంత్రణ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. 2023 డిసెంబర్‌లో డీల్ రద్దయింది, అడోబీ 100 కోట్ల డాలర్లు పరిహారం కట్టింది. ఫిగ్మా 2025 జులైలో సొంతంగా స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. డిజైనర్లకు ఇప్పటికీ రెండు వేర్వేరు కంపెనీలున్నాయి. మీరు లేదన్న కొలబద్దకి నాకు దొరికిన దగ్గరి ఆధారం అదే.