నడమంత్రపు పని: మధ్యలో వచ్చిందా, మధ్యలో ఉన్నదా?

చీరల కొట్టు, తిరుపతి: పొద్దుట్నుంచి ఒక పాదం నాలుక మీద ఆడుతోంది. "నడమంత్రపు బతుకు నాటకము" అని మా అమ్మ అనేది. అన్నమయ్యదే కదా? నిన్న ఒక అక్క చీర మీద వేసుకుని చూసుకుంటే "ఈ రంగు మీకు శానా బాగుండాది" అన్నాను. ఓనరు పక్కకు పిలిచి, కస్టమర్ల దగ్గర ఊరి యాస వద్దన్నాడు. అప్పట్నుంచి నోరు తెరవాలంటే టెన్షన్. "చాలా బాగుంది మేడమ్" అంటుంటే ఎవరి గొంతో అరువు తెచ్చుకున్నట్టుంది. ఆ నడమంత్రపుది ఈ కొట్టు భాషేనా?

పీలేరు: రెండు పాదాలు కలిపేశావు నాయనా. పల్లవి "నానాటి బదుకు నాటకము". నడమంత్రం వచ్చేది రెండో చరణంలో. "కుడిచేదన్నము కోక చుట్టెడిది, నడమంత్రపు పని నాటకము". నడమంత్రపు సిరి నరాల మీద పుండు అంటాం చూడు, అదే మాట. నిన్న లేనిది ఇవాళ ఊడిపడటం.

మదనపల్లె: బదుకు కాదు సార్, బతుకు. రేవతి రాగంలో పాడేవాళ్ల నోట నేను విన్నది అదే.

పీలేరు: పాడేవాళ్లు గొంతుకు వీలుగా పాడతారు. అచ్చులో బదుకే ఉంది. కుప్పం దాటి కోలారు వైపు పోండి, కన్నడంలో ఇప్పటికీ బదుకే.

పుత్తూరు: దకారం సంగతి తర్వాత. సిరి అర్థం ఇక్కడ పొసగదు. నడుమ, అంతరము, అంతే. మొదటి చరణంలో "పుట్టుటయు నిజము పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము" అన్నాడు. రెండో చరణంలో దాన్నే విప్పుతున్నాడు. అన్నం తినడం, బట్ట కట్టుకోవడం నిన్నగాక మొన్న ఊడిపడ్డవా?

పీలేరు: రాగిరేకుల నిండా వేల కీర్తనలున్న మనిషికి మాటల కరువా, చెప్పిందే చెప్పడానికి? పుట్టినప్పుడు కోక లేదు, పోయేటప్పుడు వెంట రాదు. మధ్యలో తగులుకుంది. అందుకే నడమంత్రపు.

పుత్తూరు: మధ్యలో తగులుకుంది అంటే నా అర్థంలోకే వచ్చారు.

పీలేరు: రాలేదు.

చంద్రగిరి: కోక అంటే చీర అనుకునేవు తమ్ముడూ. అప్పట్లో మగవాళ్లు కట్టే బట్టా కోకే. నాకు అసలు ఇష్టమైన మాట మూడో చరణంలోది. "ఎగువనే శ్రీవేంకటేశ్వరుడేలిక". ఎగువ! మా ఊళ్లో ఎగువ వీధి, దిగువ వీధి అంటామే, ఆ ఎగువ. కొండ కింద నిలబడి తలెత్తి చూసినవాడి నోట్లోంచే వస్తుంది ఆ మాట. అన్నమయ్యకు ఏ ఓనరూ అడ్డం రాలేదు.

వాయల్పాడు: జంకు మాట వచ్చింది కాబట్టి మా తరిగొండ వెంగమాంబను తలుచుకోవాలి. చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలైనా చదవలేదని తన కావ్యంలో తనే చెప్పుకుంది. కొండ మీద ఏకాంత సేవలో ఇప్పటికీ ఆమె ముత్యాల హారతే.

మదనపల్లె: అది కవులందరూ చూపే వినయమండీ. పలికించేవాడు వేరే ఉన్నాడని పోతన కూడా అన్నాడు.

వాయల్పాడు: వినయమైతే "నేనెంత" అని ఊరుకుంటారు. ఫలానాది చదవలేదు అని లెక్క చెప్పి మరీ కావ్యం మొదలుపెట్టడం వినయమా? నన్నడిగితే ధీమా.

పీలేరు: ఇది నడమంత్రం చర్చ.

చీరల కొట్టు, తిరుపతి: నాకు అర్థమైనంతలో, పీలేరు సార్ చెప్పింది నిజమైతే మేడమ్ భాష ఒక్కటే నాటకం. పుత్తూరు అన్న చెప్పింది నిజమైతే "శానా" కూడా నాటకమే. ఎందుకో ఈ రెండోదాంట్లోనే నాకు ఊపిరాడుతోంది. రెండూ వేషాలే అయితే నాకు సరిపోయేది నేను కట్టుకోవచ్చు కదా?

పుత్తూరు: కట్టుకో. కానీ అన్నమయ్య ఆ ఉద్దేశంతో అనలేదు.

చంద్రగిరి: ఇంతకీ ఆ అక్క చీర తీసుకుందా?

చీరల కొట్టు, తిరుపతి: లేదన్నా. రంగు నచ్చలేదంట.

మదనపల్లె: పీలేరు సార్, బదుకు అని ఉన్న ఆ పేజీ ఫొటో తీసి పెట్టండి, తేలిపోతుంది.

పీలేరు: పుస్తకం మా తమ్ముడు పట్టుకుపోయాడు. రెండేళ్లయింది.