గీతలో తాబేలు: "సంహరతే" అంటే చంపడమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. భగవద్గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో "యదా సంహరతే చాయం కూర్మోఽంగానీవ సర్వశః" అని ఉంది కదా. మా అమ్మాయికి చదివి వినిపిస్తుంటే "తాబేలు తన కాళ్లను తనే చంపుకుంటుందా నాన్నా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. సంహారం అంటే మనం విన్నది రాక్షస సంహారమే. ఇక్కడ ఆ మాట ఎలా కుదిరింది? చివర "సర్వశః" ఎందుకు?

జవాబు:
అమ్మాయి చాలా మంచి ప్రశ్న వేసిందండి. "హృ" ధాతువుకు తీసుకుపోవడం అని అర్థం. ముందు చేరే ఉపసర్గను బట్టి ఆ అర్థం ఎటో వెళ్లిపోతుంది: ఆహారం, విహారం, ప్రహారం, పరిహారం. "సం" చేరితే ఒక్కచోటికి లాక్కోవడం, కూడదీసుకోవడం. లోకాలన్నిటినీ తనలోకి లాక్కోవడం ప్రళయం కాబట్టి, అంతం చేయడం అనే అర్థం కూడా వచ్చి చేరింది. తెలుగులో "సంహారం" అనగానే అదొక్కటే గుర్తొస్తుంది. కానీ మొదటి అర్థం మన నోట్లో ఇంకా ఉంది. నామినేషన్ ఉపసంహరించుకున్నారు అంటాం, వేసిన అస్త్రాన్ని ఉపసంహరించాడు అంటాం. శ్లోకంలో తాబేలు చేసేది అదే పని.

"సర్వశః" అంటే అన్ని వైపుల నుంచీ, పూర్తిగా. నాకు బాగా ఇష్టమైన మాట ఇది. మెట్ట తాబేలు తల లోపలికి లాక్కుని ముందుకాళ్లు అడ్డం పెట్టుకుంటుంది, ఆ కాళ్ల పొలుసులు మనకు కనిపిస్తూనే ఉంటాయి. సముద్ర తాబేలుకైతే తలనూ తెడ్లలాంటి కాళ్లనూ చిప్పలోకి లాక్కోవడమే కుదరదు. చెరువుల్లో, కాలువల్లో, వరి మళ్లలో బతికే ఫ్లాప్‌షెల్ తాబేలు సంగతి వేరు. శాస్త్రీయ నామం లిస్సెమిస్ పంక్టాటా. దీని చిప్ప మీద గట్టి పలకలుండవు, మెత్తటి తోలు కప్పి ఉంటుంది. పొట్టవైపు చిప్పకు వెనక భాగంలో రెండు పక్కలా తలుపు రెక్కల్లాంటి మడతలుంటాయి. వెనక కాళ్లు లోపలికి వెళ్లగానే ఆ రెక్కలు వాటిని కప్పేస్తాయి. శ్లోకం చెప్పినవారు ఈ జాతినే చూసి చెప్పారని నేను అనను. కానీ సర్వశః అన్న మాటకు అర్థం కళ్లకు కట్టాలంటే దీన్నే చూపించాలి.

దీని బతుకంతా అలాగే ఉంటుంది. గొట్టంలాంటి ముక్కు కొస మాత్రం నీటి పైకి పెట్టి ఊపిరి తీసుకుంటుంది. కప్పలు, చేపలు, నత్తలు, నీటి మొక్కలు, ఏది దొరికితే అది తింటుంది. ఎండలకు చెరువు ఎండిపోతే బురదలోకి దూరి కదలకుండా ఉండిపోతుంది. పైనుంచి చూసేవాళ్లకు చచ్చిపోయిందనే అనిపిస్తుంది. వానలు పడి నీళ్లు చేరాక మళ్లీ బయటికొస్తుంది.

ప్రశ్న వేసినవారు:
చాలా సంతోషమండి. అంటే ఈ శ్లోకం చెప్పే స్థితప్రజ్ఞుడు, బుద్ధి నిలకడగా ఉన్నవాడు, ఇంద్రియాలను చంపుకోడనే కదా?

జవాబు:
అవునండి. రుజువు తర్వాతి పాదంలోనే ఉంది: "ఇంద్రియాణీంద్రియార్థేభ్యః". "అర్థేభ్యః" ఇక్కడ పంచమీ విభక్తి, "విషయాల నుంచి" అని, అంటే ఇంద్రియాలు వెంటపడే వాటి నుంచి. చంపడమే అయితే ఈ "నుంచి"తో పనేముంది? దేన్నైనా ఒకచోటి నుంచి వెనక్కి తీసుకున్నప్పుడే కదా ఆ విభక్తి కావాలి! ఇంద్రియాలు ఉంటాయి, తాబేటి కాళ్లు చిప్పలో ఉన్నట్టే.

అమ్మాయికి తాబేలును చూపించాలనిపిస్తే చెరువు గట్టు మీద నుంచే చూపించండి. దయచేసి ఇంటికి మాత్రం తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఈ తాబేలు ఉంది, పట్టినా పెంచినా నేరమే. గట్టు మీద ఎండ కాగుతూ కనిపిస్తే అలికిడి చేయకుండా నిలబడండి, లేకపోతే వెంటనే నీళ్లలోకి జారిపోతుంది.