శరదృతువులో గుమ్మడికాయ: గుడ్డు లేని బ్రెడ్‌కు ఏ కాయ, దప్పళానికి ఏ కాయ?

ప్రశ్న (మిషిగన్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము ఈ ఏడే మిషిగన్‌కు వచ్చాము. అక్టోబరు మొదలయ్యేసరికి ఇక్కడి దుకాణాల ముందు గుమ్మడికాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి గానీ, వాటిలో వంటకు పనికివచ్చేది ఏదో, హాలోవీన్‌కు ముఖం చెక్కి గుమ్మం ముందు పెట్టుకునేది ఏదో నాకు తెలియడం లేదు. మా అత్తగారు, మామగారు సంక్రాంతి దాకా మాతోనే ఉంటారు. ఇద్దరూ గుడ్డు ముట్టరు. చలి మొదలైన ఈ సాయంత్రాల్లో ఓవెన్ వెలిగించి, ఇల్లంతా దాల్చినచెక్క వాసన నిండేలా వారికి వేడివేడిగా గుమ్మడికాయ బ్రెడ్ చేసిపెట్టాలని ఉంది. అయితే గుడ్డు వేయకపోతే బ్రెడ్ మధ్యభాగం పచ్చిగా, ముద్దగా మిగిలిపోతుందని చాలామంది అంటున్నారు. అది నిజమేనా, నిజమైతే ఏం చేయాలి? కాయ కోసి ఉడికించే శ్రమ లేకుండా డబ్బాలో దొరికే గుజ్జు వాడుకోవచ్చా? అత్తగారేమో అదే కాయతో దప్పళం పెడతానంటున్నారు. ఒకే కాయ రెండింటికీ సరిపోతుందా అన్నది కూడా దయచేసి చెప్పండి.

సమాధానం (న్యూజెర్సీ నుంచి)

మీరు అడిగిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది కాయ ఎంపిక. చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు తింటే హాని ఏమీ లేదు గానీ, వాటిని ఆకారం కోసం, సులభంగా కోతపడే పలుచని కండ కోసం పెంచుతారు కనుక లోపల పీచు, నీరు ఎక్కువగా ఉండి తీపి తక్కువగా ఉంటుంది. బ్రెడ్‌కు 'షుగర్ పంప్‌కిన్' లేదా 'పై పంప్‌కిన్' అనే పేరుతో అమ్మే చిన్న కాయలను తీసుకోండి. మూడు నాలుగు పౌండ్ల కాయ ఒక బ్రెడ్‌కు కావలసినదానికంటే ఎక్కువే గుజ్జునిస్తుంది. తొడిమ ఎండి గట్టిగా ఉండాలి, పెచ్చు మీద గోటితో నొక్కితే దిగకూడదు.

కాయను నీళ్లలో ఉడికించవద్దు, అసలే నీరున్న కండలోకి ఇంకా నీరు చేరుతుంది. నిలువుగా రెండు చెక్కలు చేసి, గింజలు తీసేసి, కోసిన వైపు కిందికి వచ్చేలా పళ్లెంలో బోర్లించి 400 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 45 నిమిషాల నుంచి గంట వరకు ఓవెన్‌లో ఉంచండి. చాకు అడ్డు లేకుండా దిగితే కాయ మగ్గినట్టే. చల్లారాక కండను గరిటెతో తీసి, మెత్తగా చేసి, పలుచని గుడ్డలో వేసి ఒక గంట వేలాడదీయండి. కిందికి దిగే నీరు చూస్తే, బ్రెడ్ మధ్యలో ముద్దగా మిగిలేది ఎందుకో మీకే అర్థమవుతుంది. గుజ్జు గరిటె మీద కుప్పగా నిలబడాలి, జారిపోకూడదు.

గుడ్డు విషయంలో మీరు విన్నది సగం నిజం. గుడ్డులోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి బ్రెడ్‌కు ఆకారాన్ని నిలబెడతాయి. గుడ్డు లేనప్పుడు ఆ పని ఎక్కువగా పిండిలోని గంజి మీద పడుతుంది కాబట్టి నీరు తక్కువ పోయాలి, కాలడానికి సమయం ఎక్కువ ఇవ్వాలి. ఒక్కో గుడ్డుకు బదులు పావు కప్పు గట్టి పెరుగు చాలు. పెరుగులోని పులుపు, బెల్లంలోని కాస్త ఆమ్లగుణం వంటసోడాతో కలిసి వాయువును పుట్టిస్తాయి.

నేను వాడే కొలతలు ఇవి. 220 గ్రాముల మైదాలో ముప్పావు టీస్పూను వంటసోడా, ఒక టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను ఉప్పు, ఒకటిన్నర టీస్పూన్ల దాల్చినచెక్క పొడి, ఒక టీస్పూను శొంఠిపొడి, పావు టీస్పూను అప్పటికప్పుడు తురిమిన జాజికాయ, రెండు లవంగాల పొడి కలిపి జల్లించుకోవాలి. వేరే గిన్నెలో ఒక కప్పు గుజ్జు, అర కప్పు పెరుగు, అర కప్పు వాసన లేని నూనె, 200 గ్రాముల బెల్లం పొడి బెల్లం కరిగేదాకా గిలకొట్టాలి. దుకాణాల్లో 'పంప్‌కిన్ స్పైస్' అని అమ్మే డబ్బా కొనవలసిన పనే లేదు, అందులో ఉండే దినుసులు దాదాపు అన్నీ మన పోపులపెట్టె పక్కనే ఉంటాయి. పొడిపిండిని తడి మిశ్రమంలో వేశాక తెల్లటి పిండి జాడ కనిపించనంత వరకే కలపండి. అంతకుమించి కలిపితే మైదా సాగుడు పట్టి బ్రెడ్ రబ్బరులా తయారవుతుంది. సోడా పెరుగును తాకిన క్షణం నుంచే వాయువు పుట్టడం మొదలవుతుంది కనుక, పిండి కలిపేసరికే ఓవెన్ 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కు వేడెక్కి సిద్ధంగా ఉండాలి.

తొమ్మిది అంగుళాల పొడవు, అయిదు అంగుళాల వెడల్పు ఉన్న పాన్‌లో కాలడానికి 60 నుంచి 70 నిమిషాలు పడుతుంది. పైభాగం ఎర్రబడినంత మాత్రాన అయిపోయిందనుకోకండి. ఉష్ణమాపకం ఉంటే మధ్యభాగం 200 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిందో లేదో చూడండి, ఉడికిందీ లేనిదీ అదే కచ్చితంగా చెబుతుంది. పూర్తిగా చల్లారాకే కోయాలి, ఎందుకంటే బయటికి తీశాక కూడా లోపలి గంజి గట్టిపడుతూనే ఉంటుంది. వేడివేడిగా పెట్టాలన్నది మీ కోరిక కదా, చల్లారిన బ్రెడ్‌ను ముక్కలు కోసి పెనం మీద కాస్త నేతితో వెచ్చచేసి పెట్టండి. పెద్దవారికి అదే ఎక్కువ నచ్చుతుంది.

డబ్బా గుజ్జును నిస్సంకోచంగా వాడవచ్చు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోర్టన్ అనే ఊరు దీనికి పేరుపొందింది, అమెరికాలో డబ్బాలకెక్కే గుమ్మడిలో అధికభాగం ఆ చుట్టుపక్కలదే. అక్కడ ప్రధానంగా వాడే డికిన్సన్ రకం చెక్కుకునే కాయల జాతిది కాదు, మన తియ్యగుమ్మడి, ఇక్కడి బటర్‌నట్ స్క్వాష్ చేరిన జాతికి చెందినది. అందుకే ఆ గుజ్జు చిక్కగా, పీచు లేకుండా ఉంటుంది. చక్కెర, మసాలా ముందే కలిపిన 'పై ఫిల్లింగ్' డబ్బా కూడా అదే అరలో ఉంటుంది కనుక చదివి తీసుకోండి.

సమాధానం (మిషిగన్ నుంచే)

పై సమాధానంలో ఒక్క విషయంతో నేను ఏకీభవించను. డబ్బా గుజ్జు అన్ని కాలాల్లోనూ దొరుకుతుంది. తోటల వాళ్లే తెచ్చి అమ్మే కాయలు దొరికేది ఈ రెండు నెలలే కాబట్టి, శ్రమ అయినా ఒక్కసారి కాయతోనే చేయండి. ఓవెన్‌లో కమలిన కండకు వచ్చే తీపి వాసన డబ్బాలో ఉండదు. గింజలనూ పారేయకండి. కడిగి, తుడిచి, నూనె, ఉప్పు, కారం పట్టించి 325 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఇరవై నిమిషాలు వేయిస్తే మామగారికి సాయంత్రపు చిరుతిండి అవుతుంది.

ఇక దప్పళం. షుగర్ పంప్‌కిన్ దానికి సరిపడదు, పులుసులో త్వరగా చెదిరిపోతుంది. అత్తగారికి బటర్‌నట్ స్క్వాష్ తెచ్చి ఇవ్వండి. తొక్క తీసి పెద్ద ముక్కలు కోసి, చిలగడదుంప, ములక్కాడ, చిక్కుళ్లతో కలిపి సగం ఉడికాక చింతపండు పులుసు పోయమనండి. పులుపు తగిలిన తరువాత కూర మెత్తబడటం నెమ్మదిస్తుంది. మొదటే పోస్తే ములక్కాడ ఉడకదు, ఆలస్యంగా పోస్తే గుమ్మడి ముద్దవుతుంది, అందుకే సగంలో పోయాలి. బటర్‌నట్ తీపి మన ఊరి కాయ కంటే కాస్త ఎక్కువ కనుక బెల్లం తగ్గించండి. బియ్యప్పిండి నీళ్లు, మెంతులు, ఇంగువ పోపు మామూలే.

మిగిలిన గుజ్జును కప్పు చొప్పున సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మన పచ్చళ్ల మాదిరిగా సీసాల్లో నిలవచేయవచ్చునని కొందరు అనుకుంటారు, ఆ పని దయచేసి చేయవద్దు. గుమ్మడిలో పులుపు చాలా తక్కువ. చిక్కటి గుజ్జు మధ్యదాకా వేడి సరిగా చేరదు కనుక ఇళ్లలో గుజ్జును సీసాలకెత్తవద్దని అమెరికా వ్యవసాయశాఖ స్పష్టంగా చెబుతోంది. గాలి చొరని సీసాలో పెరిగే సూక్ష్మజీవి విషం వల్ల వచ్చే బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు ప్రమాదం ఉంది. కోయని కాయ మాత్రం చల్లని, పొడి చోట ఉంచితే వారాల తరబడి పాడవదు.

సమాధానం (హైదరాబాద్ నుంచి)

ఇక్కడ చిన్న ఓటీజీ ఓవెన్ ఉన్నవారి కోసం రెండు మాటలు. మన బజారు తియ్యగుమ్మడిని ముక్కగా కోసి అమ్ముతారు కాబట్టి లోపలి రంగు చూసి తీసుకునే వీలుంది. నారింజ రంగు చిక్కగా ఉన్న ముక్కనే అడగండి. ఓటీజీలో పై కడ్డీ బ్రెడ్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. పాన్‌ను అడుగు అరలో పెట్టి, నలభై నిమిషాల తరువాత పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పితే లోపల ఉడికేలోపు పైన మాడదు. అట్లతద్దికి మా ఇంట్లో అట్లు తప్పనిసరి, ఈ ఏడు పక్కనే ఈ బ్రెడ్ కూడా చేద్దామని పిల్లలు ఇప్పటినుంచే అడుగుతున్నారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. మామగారికి మధుమేహం ఉంది. మైదాకు బదులు పూర్తిగా చపాతీల గోధుమపిండి, బెల్లానికి బదులు ఆపిల్ గుజ్జు వాడవచ్చా?

సమాధానం (న్యూజెర్సీ నుంచి)

చపాతీ పిండి తిరగలి ఒత్తిడికి బాగా నలిగి ఉంటుంది కనుక నీరు ఎక్కువ పీలుస్తుంది. పూర్తిగా అదే వాడితే బ్రెడ్ బరువెక్కుతుంది. సగం మైదా, సగం గోధుమపిండి వేసి, రెండు టేబుల్‌స్పూన్ల పాలు అదనంగా పోయండి. బెల్లాన్ని 130 గ్రాముల వరకు తగ్గించినా బ్రెడ్ నిలుస్తుంది. ఆపిల్ గుజ్జును బెల్లానికి బదులుగా మాత్రం వాడకండి, అది తెచ్చే నీరు మళ్లీ మధ్యభాగాన్ని ముద్ద చేస్తుంది. కావాలంటే నూనెలో సగం తగ్గించి ఆ మేరకు ఆపిల్ గుజ్జు వేసుకోవచ్చు. అయితే బెల్లం తగ్గించినంత మాత్రాన ఇది మధుమేహానికి తగిన తిండి అయిపోదు, మైదాలోనూ గోధుమలోనూ పిండిపదార్థం ఉండనే ఉంది. మామగారికి పలుచని ముక్క ఒక్కటే పెట్టండి, అదీ భోజనంలో అన్నం ఆ మేరకు తగ్గించి.