ట్రిగ్గర్ బరువు తగ్గించాలా, వేలికి బుద్ధి చెప్పాలా?

నాలుగో_రింగు:
నాది .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్. 50 మీటర్ల దూరంలో కాగితం మీద కాలుస్తాను, అంతే. ఇదే రైఫిల్‌ని ఇసుక సంచుల మీద ఆనించి వేరేవాళ్లు కాలిస్తే తూటాలన్నీ బొట్టుబిళ్లంత చోట పడుతున్నాయి. నేను కాలిస్తే కుడి పక్కకి, కిందికి, నాలుగో రింగు దాకా పోతున్నాయి. అంటే బ్యారెల్ తప్పు కాదు.

ట్రిగ్గర్ మాత్రం నరకం. ముందు కాస్త కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ ఇసుకలో లాగినట్టు గరగరమంటూ పాకుతుంది, ఎప్పుడు పేలుతుందో తెలీదు. స్ప్రింగు త్రాసు తగిలించి చూశాను. ఐదుసార్లకి వచ్చిన లెక్కలు ఇవి: 2.3, 1.9, 2.6, 2.0, 2.5 కిలోలు. రైఫిల్ బరువే 3 కిలోలు! సియర్‌ని (ట్రిగ్గర్ లాగేదాకా, తూటాని కొట్టే ఫైరింగ్ పిన్‌ని పట్టి ఉంచే ఉక్కు ముక్క) సానరాయి మీద రుద్ది, స్ప్రింగు అరచుట్టు కత్తిరిస్తే 700 గ్రాములకి దిగుతుందని ఒక వీడియోలో చూశాను. ముట్టుకోవద్దని ఒక స్నేహితుడు అంటున్నాడు. మీరేమంటారు?

కొత్తస్ప్రింగు:
దీనికింత రచ్చ ఎందుకు తమ్ముడూ. నా రైఫిల్‌కి నేనే చేసుకున్నాను. అరచుట్టు కత్తిరించాను, సియర్ అంచుని సన్న రాయి మీద నాలుగు రుద్దులు రుద్దాను. నాలుగేళ్లయింది. వెన్నలో కత్తి దిగినట్టు ఉంటుంది. కంపెనీలు ట్రిగ్గర్‌ని బరువుగా పెట్టేది మన గురి కోసం కాదు, వాళ్ల వకీళ్ల కోసం.

ఇనుము_మిస్త్రీ:
వకీళ్ల మాట కొంత నిజమే. మిగతాదంతా ప్రమాదం.

సియర్‌నీ, అది పట్టుకునే భాగాన్నీ చాలా రైఫిళ్లలో పైపైన మాత్రమే గట్టిపరుస్తారు. లోపలంతా మెత్తటి ఉక్కే. ఆ గట్టి పొర కాగితం మందంలో ఉంటుందనుకో. రాయి మీద నాలుగు రుద్దులకి అద్దంలా మెరుస్తుంది, ఆ రోజు హాయిగా ఉంటుంది. పొర దాటిందా, మెత్తటి ఉక్కు వందల దెబ్బల తర్వాత అరుగుతుంది, అంచు గుండ్రమవుతుంది. ఇవాళ బాగుందన్నది రేపటికి సాక్ష్యం కాదు.

స్ప్రింగు సంగతి ఇంకా తమాషా. చుట్టు తీసేస్తే స్ప్రింగు మెత్తబడుతుందనుకుంటారు. మిగిలిన చుట్లు నిజానికి ఇంకా బిరుసవుతాయి. తగ్గేది మొదట్లో ఉండే బిగింపు మాత్రమే. ఆ బిగింపే కదా ట్రిగ్గర్‌నీ సియర్‌నీ తిరిగి చోటుకి నెట్టేది. అది చాలకపోతే సియర్ సగంలో ఆగిపోవచ్చు. అప్పుడు రైఫిల్ కాక్ అయినట్టు (పేలడానికి సిద్ధంగా బిగిసినట్టు) కనిపిస్తుంది, పట్టు మాత్రం గోరంచు మీద ఉంటుంది.

రేంజి_అక్క:
ఇద్దరూ బరువు గురించే పోట్లాడుకుంటున్నారు. తమ్ముడి లెక్కలు మళ్లీ చూడండి. 1.9 నుంచి 2.6. తేడా 700 గ్రాములు! 2.6 ఉండటం పెద్ద జబ్బు కాదు, ఒకసారి 1.9కీ ఒకసారి 2.6కీ ఊడటమే జబ్బు. వేలికి ఏది ఎప్పుడొస్తుందో తెలీక లాక్కుంటుంది. కుడి చేతివాళ్లకి కుడి పక్కకి, కిందికి పోవడానికి ఇది మామూలు కారణం.

ముందు త్రాసు ఎక్కడ తగిలించావో చెప్పు. ట్రిగ్గర్ కొసకి తగిలిస్తే తక్కువ చూపిస్తుంది, పైకి జరిపితే ఎక్కువ. మీట లెక్క అది. వేలు పెట్టే చోటే, ఐదు కాదు పదిసార్లు, నెమ్మదిగా లాగు. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ, మ్యాగజైన్ బయట. ఇది నేను రోజూ చెప్పే మాటే, ఇక్కడా చెప్తాను.

తర్వాత ట్రిగ్గర్ లోపల నూనె సంగతి చూడు. పాత నూనె ఆరి జిగురవుతుంది, దానికి మసి, నూలుపోగు తోడవుతాయి. గరగరలో సగం ఇదే అయి ఉంటుంది. విప్పనక్కర్లేదు, మాన్యువల్‌లో ఒప్పుకున్న ద్రావకంతో కడిగి ఆరబెట్టి, నూనె అసలు వెయ్యకుండా లేదా ఒక చుక్క పొడి లూబ్రికెంట్‌తో వదిలెయ్యి.

అడవిదారి:
నేను కాగితం మీద కాల్చను. చలిలో, తొడుగులు వేసుకుని, గుట్టలెక్కుతూ రైఫిల్ మోస్తాను. 700 గ్రాములంటే నాకు భయం. తొడుగు వేసుకున్న వేలికి ట్రిగ్గర్ ఎక్కడుందో కూడా తెలీదు. 1.5 కిలోల కంటే తక్కువకి దిగను.

బయాథ్లాన్ చూడండి. వాళ్లు మంచు మీద స్కీలతో పోతూ రైఫిల్ వీపుకి వేసుకుంటారు. అక్కడ ట్రిగ్గర్‌కి కనీసం 500 గ్రాముల నిరోధం ఉండాలన్నది నియమం. అంత ఊపిరాడని ఆటలో కూడా ఇంతకన్నా తేలిక వద్దన్నారంటే కారణం ఉండే ఉంటుంది.

కొత్తస్ప్రింగు:
అదే ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ట్రిగ్గర్ కనీస బరువే లేదు కదా! 50 మీటర్ల రైఫిల్‌కీ లేదు. మేటి షూటర్లు గాలి తగిలితే పేలేంత తేలిక ట్రిగ్గర్లతో కాలుస్తారు. వాళ్లకి లేని ప్రమాదం నాకేమిటి?

రేంజి_అక్క:
వాళ్ల ట్రిగ్గర్ ఆ బరువుకే పుట్టింది. తేలికని భరించేలా పట్టు, కోణం, స్ప్రింగులు అన్నీ లెక్కవేసి చేసిన యంత్రం. పైగా లైను మీద చోటు తీసుకున్నాకే తూటా ఎక్కిస్తారు, బ్యారెల్ నోరు లక్ష్యం వైపే ఉంటుంది. మీది వేరే బరువుకి పుట్టిన ట్రిగ్గర్. అందులో అరచుట్టు తీసేశారు.

అదే సంస్థ ఎయిర్ పిస్టల్‌కి 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కి 1000, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కి 1500 గ్రాముల కనీసం పెట్టింది. ఆయుధాన్నిబట్టి, పోటీనిబట్టి లెక్క మారుతుంది. తనిఖీలో ఆ బరువుని ట్రిగ్గర్‌తోనే పైకెత్తించి చూస్తారు, మాట నమ్మరు.

ఇనుము_మిస్త్రీ:
కొత్తస్ప్రింగు గారూ, మీ రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని కాక్ చెయ్యండి. బోల్ట్ వెనక కాకింగ్ పీస్ (సియర్ పట్టుకునే, ఫైరింగ్ పిన్ తోక ముక్క) మీద కళ్లు పెట్టి, ట్రిగ్గర్‌ని చీమ నడిచినంత నెమ్మదిగా లాగండి. ఊడే ముందు ఆ ముక్క వెంట్రుకవాసి వెనక్కి జరగాలి. అంటే సియర్ వాలు పట్టును బిగించే దిక్కున ఉంది. కంపెనీలు కావాలనే అలా చేస్తాయి, ట్రిగ్గర్ బరువుగా తోచడానికి అదీ ఒక కారణం. అది కదలకుండా ఉంటే వాలు సమానమైంది. లాగుతుండగా ముందుకి జారితే వాలు తిరగబడింది, అంటే పట్టుకున్నది పట్టు కాదు. చేత్తో రాయి రుద్దినప్పుడు రాయి కాస్త ఊగిందంటే చాలు, వాలు ఇటు నుంచి అటు పోతుంది. కంటికి కనపడదు.

పాత మౌజర్ 98 రైఫిళ్ల ట్రిగ్గర్ పైభాగాన రెండు మూపురాలు ఉంటాయి. లాగినప్పుడు మొదటి మూపురం రిసీవర్ (బోల్ట్ కూర్చునే ఉక్కు భాగం) అడుగున ఆనుకుని సియర్‌ని కొంత దించుతుంది, అది మొదటి దశ. తర్వాత రెండో మూపురం ఆనుకోగానే వేలికి గోడ తగిలినట్టు ఉంటుంది. లోతైన పట్టు ఉండటం వల్ల కింద పడినా, రాయికి తగిలినా ఊడదు. పొడుగు లాగుడని సిపాయిలు తిట్టుకుని ఉంటారు. వేట రైఫిల్‌గా మార్చేవాళ్లు చాలామంది ఆ మొదటి దశనే తీసేయించుకున్నారు. నా దగ్గరికి అలాంటివి వస్తే నేను పక్కన పెట్టి, ఖాళీగా బోల్ట్ కొట్టి చూడకుండా తిరిగి ఇవ్వను.

ఊపిరిబిగపట్టు:
నేను రెండు గొడవల్లోనూ లేను. రుద్దకండి, పాతదానితోనూ బాధపడకండి. మీ రైఫిల్ మోడల్‌కి సరిపోయే తయారైన ట్రిగ్గర్ యూనిట్ కొని మిస్త్రీ చేత పెట్టించండి. బరువు, క్రీప్ (ఊడే ముందు ట్రిగ్గర్ పాకే దూరం), ఓవర్‌ట్రావెల్ వేరు వేరు స్క్రూలతో సరిచేసుకునేవి దొరుకుతాయి.

ఓవర్‌ట్రావెల్ అంటే సియర్ ఊడాక కూడా ట్రిగ్గర్ వెనక్కి పోతూనే ఉండటం. .22 తూటా బ్యారెల్ దాటడానికి మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపల అకస్మాత్తుగా ఖాళీ అయిన వేలు వెనక్కి కొట్టుకుంటే గురి కదులుతుంది. చాలామంది బరువు అని తిట్టుకునేది నిజానికి ఇది. ఆపే స్క్రూ ఒకటి ఉంటే అది పోతుంది. కానీ దాన్ని మరీ దగ్గరికి తిప్పితే సియర్ పూర్తిగా దిగదు, రుద్దుకుంటుంది, అదీ గుర్తుంచుకోండి.

అడవిదారి:
తయారైనది కొంటే పూచీ ఉంటుందా? 2014లో రెమింగ్టన్ తన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లని ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ల కారణంగా వెనక్కి పిలిపించింది. బిగింపు కోసం వేసిన జిగురు ఎక్కువైతే ట్రిగ్గర్ లాగకుండానే పేలే అవకాశం ఉందని. ఒక చుక్క జిగురు!

ఊపిరిబిగపట్టు:
అందుకే పెట్టించాక కూడా పరీక్షించమన్నాను... అనలేదు కదా. ఇప్పుడంటున్నాను.

ఇనుము_మిస్త్రీ:
పరీక్షలు ఇవి. అన్నీ ఖాళీ రైఫిల్‌తో, నోరు సురక్షితమైన దిక్కుకి పెట్టి. బోల్ట్‌ని గట్టిగా మూసి చూడు, ఫైరింగ్ పిన్ పడకూడదు. కాక్ చేసి, రబ్బరు సుత్తితో స్టాక్‌ని అన్ని వైపులా తట్టు, పడకూడదు. సేఫ్టీ వేసి, ట్రిగ్గర్‌ని గట్టిగా లాగి వదిలేసి, సేఫ్టీ తియ్యి. అప్పుడూ పడకూడదు. ఈ మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఒక్కసారి పడినా ఆ రైఫిల్ కాల్చేది కాదు, బల్ల మీద పెట్టేది. సరిచేసే స్క్రూకి లక్క ముద్ర ఉంటే అది నీకోసం కాదని అర్థం.

నాలుగో_రింగు:
అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. కడిగితే కాఫీ డికాషన్ రంగులో నీళ్లు కారాయి, ఒక నూలుపోగు కూడా వచ్చింది. ఆరాక పది కొలతలు: అన్నీ 1.9కీ 2.0కీ మధ్య! గరగర సగానికి తగ్గింది. ఇంకోటి, ట్రిగ్గర్ గార్డు స్క్రూ ఎవరో అడ్డదిడ్డంగా బిగించి ఉన్నారు. గార్డు ఒక పక్కకి ఒరిగి ట్రిగ్గర్ పక్కని రాస్తోంది. మెరుపు గీత కనపడుతోంది. సరిచేశాను.

అయినా కుడి పక్కకే పోతున్నాయి. సిగ్గేస్తోంది కానీ చెప్తాను. అద్దం ముందు పట్టుకుని చూసుకుంటే వేలు మొదటి గణుపు దాటి లోపలికి పోతోంది, వేలి పక్క స్టాక్‌కి ఆనుకుని ఉంది. ట్రిగ్గర్‌తో పాటు రైఫిల్‌నీ నెడుతున్నానన్నమాట. వేలికీ చెక్కకీ మధ్య ఒక కాగితం దూరేంత ఖాళీ ఉంచి కాలిస్తే, ఇవాళ చివరి పది తూటాలు ఏడో రింగు లోపలే ఉన్నాయి. ఒకటి మాత్రం నాలుగులోకే పోయింది, అది నా పేరు కోసమనుకోండి.

క్రీప్ ఇంకా ఉంది. దాన్ని మాత్రం వదిలిపెట్టను.

రేంజి_అక్క:
రోజూ పది నిమిషాలు డ్రై ఫైర్ (అసలు తూటా లేకుండా ట్రిగ్గర్ లాగే సాధన) చెయ్యి, నకిలీ తూటా పెట్టుకుని. .22లలో చాలావాటికి ఖాళీగా కొడితే పిన్ వెళ్లి ఛాంబర్ అంచుని కొడుతుంది, మాన్యువల్ చూసుకో. ముందు సైటు కదలకుండా క్రీప్ దాటడం వేలికి తెలిసిపోతుంది. తెలిశాక అదే నీకు రెండో దశలా పనిచేస్తుంది. అప్పటికీ నచ్చకపోతే యూనిట్ గురించి మాట్లాడుకుందాం. నేనైతే నాలుగు వారాలు ఆగమంటాను.

ఊపిరిబిగపట్టు:
నేను ఆగమనను. మంచి ట్రిగ్గర్ చూశాకే చెడ్డది ఎంత చెడ్డదో తెలుస్తుంది. ఇది సాధనకి శత్రువు కాదు.

కొత్తస్ప్రింగు:
మిస్త్రీ గారూ, మీ పరీక్షలు చేశాను. బోల్ట్ 30 సార్లు గట్టిగా మూశాను, పడలేదు. సుత్తితో తట్టాను, పడలేదు. కాకింగ్ పీస్ కూడా వెంట్రుకవాసి వెనక్కే జరుగుతోంది. సియర్ మీద నా చెయ్యి బాగానే నడిచిందని రాయబోతూ మూడో పరీక్ష చేశాను. ఐదోసారి సేఫ్టీ తియ్యగానే టక్కుమంది. ట్రిగ్గర్ ముందుకి పూర్తిగా రాలేదు, వేలితో నెడితే వచ్చింది.

రాయి తప్పు కాదు, స్ప్రింగుది. నాలుగేళ్లలో సేఫ్టీ నేను అసలు వాడనే లేదు, అందుకే తెలీలేదు. కత్తిరించనిది కొత్తది తెప్పిస్తున్నాను. నేనే వేసుకుంటాను.

ఇనుము_మిస్త్రీ:
వేసుకో. వచ్చేదాకా బోల్ట్ తీసి వేరే గదిలో పెట్టు. సియర్‌ని మాత్రం ఒకసారి నాకు చూపించు, డబ్బులు అక్కర్లేదు.

కొత్తస్ప్రింగు:
బోల్ట్ నిన్నే తీసేశాను. సియర్ చూపించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.