జపనీస్‌లో ‘వేర్’: వాచీకి, మాస్కుకి ఏ క్రియ వాడాలి?

డిసెంబరులో జేఎల్‌పీటీ (జపనీస్ భాషా పరీక్ష) ఎన్4 స్థాయి రాస్తున్నాను. ఇంగ్లిష్ ‘వేర్’ (wear, ధరించడం) దగ్గరే రెండు వారాలుగా ఆగిపోయాను.

ఇంతవరకు తేలినవి: చొక్కా, కోటు, కిమోనోకి ‘కిరు’. ప్యాంటు, సాక్సు, బూట్లకి ‘హకు’. టోపీకి ‘కబురు’ (మన కబురు కాదు!). కళ్ళజోడుకి ‘కకెరు’, టైకి ‘షిమెరు’.

మొదట డిక్షనరీలో ‘వేర్’ అని వెతికితే ఇవన్నీ వరసగా వచ్చాయి, తేడా చెప్పలేదు. తర్వాత తెలుగు మీదుగా వెళ్ళాను. మనకీ కట్టుకోవడం, తొడుక్కోవడం, పెట్టుకోవడం వేరు కదా అని. అదీ కుదరలేదు. చొక్కా, ప్యాంటు, బూట్లు మనం ‘వేసుకుంటాం’, వాళ్ళకి మొదటిది ‘కిరు’, మిగతావి ‘హకు’. టోపీ, కళ్ళజోడు రెండూ ‘పెట్టుకుంటాం’, అక్కడ రెండు క్రియలు.

అసలు చిక్కు చిన్న వస్తువులతో. వాచీ, మాస్కు, గ్లవుజులకి ఒక పుస్తకంలో ‘సురు’, ఇంకోదాంట్లో ‘త్సుకెరు’ ఉంది. గ్లవుజులకి ‘హమెరు’ కూడా కనిపించింది. ఫ్లాష్‌కార్డుల్లో మూడూ రాసుకుంటే ఇంకా కలగాపులగం అయింది.

జపాన్‌లో ఉన్నవాళ్ళు, జపనీస్ బాగా వచ్చినవాళ్ళు చెప్పండి: “ఆయన వాచీ పెట్టుకున్నాడు” అనడానికి మామూలు మాటల్లో ‘షితె ఇరు’ (‘సురు’ రూపం) అంటారా, ‘త్సుకెతె ఇరు’ (‘త్సుకెరు’ రూపం) అంటారా, రెండిటికీ అర్థంలో తేడా ఉందా?