డయాలసిస్ చేయించుకునేవారిలో మతిమరుపు: ఆహారంలోని ఖనిజాలకు సంబంధం ఉందా?

కోనసీమ కోడలు (అమలాపురం):
మా మామగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. కొన్ని నెలలుగా ఆయనకు మాట నోటి దాకా వచ్చి ఆగిపోతోంది, బాగా తెలిసినవారి పేర్ల కోసం కూడా తడుముకుంటున్నారు. బంధువులంతా వయసు మీద పడిందంటున్నారు గానీ, నిరుటి వరకు కౌలు లెక్కలన్నీ కాగితం చూడకుండా చెప్పిన మనిషి కనుక నాకు ఆ మాట మింగుడుపడటం లేదు. కొబ్బరినీళ్లు, అరటిపండు ఎప్పుడో మాన్పించాము. ఏ కూరా రుచించడం లేదని అన్నం సగానికి తగ్గించారు. ఛాతీలో మంటకు మందుల షాపులో ఇచ్చిన సిరప్ తాగుతున్నారు. ఇంట్లో వాడేది కాలువ నీరే, పటిక వేసి తేర్చుకుంటాము. వీటిలో దేనికైనా మెదడుతో సంబంధం ఉంటుందా?

డయాలసిస్ టెక్నీషియన్ (కాకినాడ):
అమ్మా, మీరు చివర రాసిన రెండు విషయాలనే నేను ముందు పట్టించుకుంటాను. పటికలోనూ, చాలా రకాల మంట సిరప్‌లలోనూ ఉండేది అల్యూమినియమే. మామూలు మనిషి ఒంట్లో చేరిన కాస్తా మూత్రంతో పోతుంది. మూత్రపిండాలు పనిచేయనివారిలో అది ఎముకల్లోనూ మెదడులోనూ పేరుకుంటుంది. అమెరికాలోని డెన్వర్‌లో ఆల్ఫ్రే బృందం 1972లో డయాలసిస్ రోగుల్లో ఇలాంటి జబ్బును వర్ణించి, 1976లో దానికి మెదడులో చేరిన అల్యూమినియంతో సంబంధం ఉందని చూపింది. ఆ జబ్బు తరచుగా మాట తడబడటంతోనే మొదలై, తర్వాత కండరాలు అదరడం, మూర్ఛలు, మతి తప్పడం వరకు పోయేది.

తాగే నీటి పటిక కన్నా యంత్రంలోకి వెళ్లే నీరే అసలు ప్రమాదం. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలంటే 120 లీటర్ల ద్రవం, పలుచని పొరకు ఇవతల రోగి రక్తం, అవతల ఆ ద్రవం. వరదల కాలంలో ఎర్రనీరు వచ్చినప్పుడు నీటిని తేర్చడానికి పటిక మోతాదు పెంచక తప్పదు కనుక, మన డెల్టాలో ఆర్‌ఓ ప్లాంటు నిర్వహణ మరీ ముఖ్యం. డయాలసిస్ నీటిలో అల్యూమినియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. నీటి పరీక్ష రిపోర్టు చూపమని కేంద్రంలో అడగండి, అడగడంలో తప్పేమీ లేదు.

పాలకొల్లు గృహిణి:
మా వారికీ డయాలసిస్ జరుగుతోంది కనుక వంటింటి సంగతి రాస్తున్నాను. పొటాషియం పెరిగితే ముందు దెబ్బతినేది గుండె. కొబ్బరినీళ్లు మాన్పించడం అందుకే మంచిదైంది గానీ, మతిమరుపును ఆ లెక్కలో వేయకండి. మా ఇంట్లో కందా బచ్చలి పూర్తిగా మానలేదు. కందను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోసి, అప్పుడు ఆవ పెట్టి కొద్దిగా వడ్డిస్తాను. పులుసు మాత్రం సత్తు (అల్యూమినియం) గిన్నెలో కాచను, స్టీలు గిన్నెలోనే. ఆ సిరప్ తాగి వెంటనే నిమ్మరసం తాగనివ్వకండి, పులుపులోని సిట్రేటు అల్యూమినియాన్ని ఒంట్లోకి మరింతగా లాగుతుందని మా డాక్టరుగారు చెప్పారు.

ఆహార నిపుణురాలు (రాజమహేంద్రవరం):
పై ఇద్దరూ చెప్పినది సరైనదే. అయితే అల్యూమినియం ఒక్కదానితోనే ఆగవద్దు. ఫాస్ఫరస్ తగ్గించడానికి కాల్షియం మాత్రలు, వాటితోపాటు విటమిన్ డి వాడేవారిలో రక్తంలో కాల్షియం మితిమీరితే మందకొడితనం, అయోమయం, మలబద్ధకం వస్తాయి. ఆ మాత్రలు అన్నంతో కలిసి కడుపులో పడితేనే ఆహారంలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుంటాయి.

మీ మామగారి విషయంలో నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది అన్నం సగానికి తగ్గడం. రుచి తెలియకపోవడానికి జింకు లోపం ఒక కారణం కావచ్చు. డయాలసిస్‌లో నీటిలో కరిగే విటమిన్లు కూడా పోతాయి. పాలిష్ బియ్యాన్ని పదేపదే కడిగి గంజి వార్చే ఇళ్లలో థయమిన్ (విటమిన్ బి1) అసలే తక్కువ. తిండి కూడా తగ్గితే దాని లోపం మెదడునే దెబ్బతీస్తుంది, త్వరగా గుర్తిస్తే ఇంజెక్షన్లతో కోలుకునే అవకాశం ఉంటుంది. ఇనుము తగ్గి రక్తహీనత ముదిరినా మనిషి మందగిస్తాడు. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అందాలి కనుక చేపను, గుడ్డు తెల్లసొనను మాన్పించకండి. ఎండుచేపలు, ఆవకాయ వేరే సంగతి. ఉప్పు దాహం పెంచుతుంది, తాగిన నీరంతా బరువుగా చేరుతుంది, ఆ నీటిని యంత్రం నాలుగు గంటల్లో తీసేటప్పుడు రక్తపోటు పడిపోయి మెదడుకు రక్తం తగ్గుతుంది.

కోనసీమ కోడలు:
సీసా మీద చదివితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే ఉంది. డాక్టరుగారు వెంటనే ఆపించి వేరే మందు రాశారు. అల్యూమినియం, కాల్షియం, జింకు పరీక్షలు చేయించమన్నారు, థయమిన్ మొదలుపెట్టారు. జ్ఞాపకశక్తి పరీక్ష కూడా ఉందట. దానికి డయాలసిస్ ముగిసిన సాయంత్రమే తీసుకువెళ్లవచ్చా?

డయాలసిస్ టెక్నీషియన్ (కాకినాడ):
వద్దమ్మా, ఆ రోజు ఆయన బాగా అలసి ఉంటారు. మర్నాడు తీసుకువెళ్లండి. అల్యూమినియం పరీక్షకు మాత్రం రక్తం డయాలసిస్ మొదలుకాక ముందే తీయాలి, అదీ సూక్ష్మ ఖనిజాల పరీక్షకు ప్రత్యేకంగా ఇచ్చే ట్యూబులోనే. మామూలు ట్యూబు నుంచే అల్యూమినియం కలిసి అంకె తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది కనుక, ల్యాబుకు ముందురోజే ఫోన్ చేసి ఆ ట్యూబు ఉందో లేదో కనుక్కోండి.