రెండొందల డాలర్ల లోపు వచ్చే పిస్టల్‌ని నమ్మొచ్చా? (మా మేనల్లుడి విషయం, తెలిసినవాళ్లు చెప్పండి)

బ్రాడీపేట_మామయ్య:
అందరికీ నమస్కారం. మా చెల్లెలి కొడుకు టెక్సాస్‌లో గ్యాస్ స్టేషనూ దాంట్లోనే చిన్న స్టోరూ లీజుకి తీసుకుని నడుపుతున్నాడు, గ్రీన్ కార్డు ఉంది. ఈమధ్య వాళ్ల రోడ్డులోనే ఇంకో స్టోర్లో దోపిడీ జరిగిందంట, భయపడి హై-పాయింట్ అనే కంపెనీ 9ఎంఎం పిస్టల్ కొన్నాడు, రెండొందల డాలర్లు కూడా పడలేదంట. వీడియో కాల్‌లో చూపించాడు, అప్పట్నుంచీ మా చెల్లెలు అన్నం సరిగా తినట్లేదు. మా బావగారేమో అంత చవగ్గా వచ్చిందంటే అది టైముకి పేలనన్నా పేలదు, చేతిలోనన్నా పేలుద్ది, అమ్మేసి మంచిది కొనుక్కోమను అంటున్నారు. వాడేమో యూట్యూబ్‌లో అందరూ బానే ఉందంటున్నారు మామయ్యా అంటాడు. స్టోరు మూశాక ఇంటికి తెచ్చుకుంటాడంట, ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది. నాకు వీటి గురించి ఓనమాలు కూడా తెలీవు. తిట్టుకోకుండా చెప్పండి.

పటమట_కుర్రాడు:
స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ గన్ కొనకూడదు కదా, గ్రీన్ కార్డ్ అయితే ఓకేనా?

డాలస్_టు_గుంటూరు:
గ్రీన్ కార్డు అయితే కొనొచ్చు, స్టూడెంట్ వీసా మీద మామూలుగా కుదరదు, ఫెడరల్ చట్టమే అది, హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి అంతే.
మామయ్యగారూ, ఆ పిస్టల్ నా దగ్గర ఉండేది కాబట్టి చెప్తున్నా. చూడ్డానికి మొద్దులా ఉంటది, బరువు ఎక్కువ, చేతిలో పట్టుకుంటే పైభాగం అంతా బరువే. అది నాసిరకం అయ్యి కాదు. ఖరీదైన 9ఎంఎం పిస్టళ్లలో పేలిన క్షణంలో బ్యారెలూ (తూటా వెళ్లే గొట్టం) పైన జరిగే స్లైడూ ఒకదానికొకటి లాక్ అయి ఉంటాయి, తూటా బయటికి వెళ్లాక విడిపోతాయి. దీంట్లో ఆ లాక్ లేదు, స్లైడు బరువూ స్ప్రింగూ కలిసే ఆ దెబ్బని ఆపాలి, అందుకే స్లైడు అంత లావు. పార్టులు తక్కువ, మెషినింగ్ తక్కువ, అందుకే చవక. ఒహాయోలో తయారవుద్ది, జీవితకాలం వారంటీ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా వర్తిస్తది. పేలదనేది మాత్రం మీ బావగారి భయం అంతే. ఇరుక్కునేది ఎక్కువగా మ్యాగజైన్ వల్ల, అంటే తూటాలు నింపి పెట్టే డబ్బా, దాని పైన రేకు పెదాలు వంగితే రౌండు, అంటే తూటా, సరిగా ఎక్కదు. మంచి మ్యాగజైన్ పెట్టుకుంటే చాలు.

ఆర్మరర్_రిటైర్డ్:
పోలీసు ఏఆర్‌లో (ఆర్మ్‌డ్ రిజర్వ్) తుపాకీలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనే, అంటే ఆయుధాల గదిలోనే, నా సర్వీసంతా గడిచింది. డాలస్ తమ్ముడు ఒక మాట మింగేశాడు. ఆ స్లైడు స్టీలు కాదు, జింకు మిశ్రమం, జమాక్ అంటారు. జింకులో కొంచెం అల్యూమినియం కలిపి అచ్చుల్లో పోస్తారు, తలుపు హ్యాండిళ్లకీ బొమ్మ కార్లకీ వాడే లోహం. 390 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుద్ది. అమెరికాలోనే ఇల్లినాయ్ రాష్ట్రంలో 800 ఫారన్‌హీట్ (దాదాపు 427 సెల్సియస్) లోపు కరిగే జింకు పోతతో చేసిన పిస్టళ్లు డీలర్లు అమ్మకూడదని చట్టం ఉంది. ఊరికే పెట్టారంటారా?

డాలస్_టు_గుంటూరు:
సార్, పిస్టల్‌ని పొయ్యి మీద పెడతామా? బ్యారెల్ స్టీలే. తూటా పేలేది బ్యారెల్లో, స్లైడులో కాదు. కరిగే డిగ్రీకీ సేఫ్టీకీ సంబంధం ఏంటో ఒక్క ముక్క చెప్పండి. ఆ చట్టాలు పేదవాళ్లకి అందే తుపాకీల్ని తీసేయడానికి పెట్టినవే అని అక్కడ చాలామంది అంటారు, నేనూ అదే అంటా.

ఆర్మరర్_రిటైర్డ్:
సంబంధం ఉంది. మెత్తటి లోహం మీద అంచులు త్వరగా అరుగుతాయి. ట్రిగ్గర్ నొక్కేదాకా లోపల పిన్నుని పట్టి ఉంచే కొక్కెం ఒకటి ఉంటది, అది ఆనే చోట అరిగితే నొక్కకుండానే జారుద్ది. మా దగ్గరికి పట్టుకొచ్చిన తపంచాలు, అంటే నాటు పిస్టళ్లు, చూశాను, బ్యారెల్ అరటి తొక్కలా చీలి ఉన్నవి కూడా చూశాను. లోహం దగ్గర కక్కుర్తి పడితే చెయ్యి పోద్ది.

డాలస్_టు_గుంటూరు:
తపంచాకీ ఫ్యాక్టరీలో తయారైన పిస్టల్‌కీ పోలికా? ఇదేం న్యాయం సార్.

యార్డు_కమీషన్:
ధర చూసి క్వాలిటీ అనుకునేవాళ్లకి నా సంగతి చెప్తా. యార్డులో కమీషన్ వ్యాపారం నాది, సీజన్లో క్యాష్ తిరుగుద్ది కదా, అందుకని లైసెన్సు తీసుకుని .32 రివాల్వర్ కొన్నా, లక్ష దాటింది, కంపెనీ పేరు ఇక్కడ రాయను. ప్రాక్టీసుకి తీసుకెళ్తే కొన్ని రౌండ్లు టిక్ మని ఆగిపోయాయి, పేలలేదు. తూటాలది తప్పంటాడు ఒకడు, స్ప్రింగు అంటాడు ఇంకొకడు. పైగా ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి, పోయినసారి తిరిగొచ్చేసరికి తుప్పు పట్టి ఉంది. లక్ష పెట్టినోడికే ఈ గతి, పదహారు వేలకి వచ్చిందాన్ని ఏమనాలి, ఏమీ అనక్కర్లేదు. డబ్బుకీ దానికీ లంకె లేదు.

ఆర్మరర్_రిటైర్డ్:
యార్డు బాబాయ్, నూనె పెట్టి ఇచ్చారా స్టేషన్లో? తోలు కేసులో అట్టాగే ఇచ్చుంటారు. తోలు చెమ్మ పట్టుద్ది. ఆ తుప్పు రివాల్వర్ తప్పు కాదు.

యార్డు_కమీషన్:
నూనె పెట్టడం వాళ్ల డ్యూటీ కాదా అంటున్నా నేను.

డాలస్_టు_గుంటూరు:
బాబాయ్ చెప్పింది కరెక్ట్. సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ తెలుసు కదా, అదే డిజైన్ 2017లో అమెరికా ఆర్మీకి సెలెక్ట్ అయింది, ధర హై-పాయింట్‌కి రెండు మూడింతలు. అదే ఏడాది ఒక కోణంలో వెనక్కి కిందపడితే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలుతోందని తేలి, బయట అమ్మిన వాటికి కంపెనీయే ట్రిగ్గర్ మార్చి ఇస్తానని ప్రకటించింది. ఖరీదైతే సేఫ్ అనే మాట అక్కడే పోయింది.

ఆర్మరర్_రిటైర్డ్:
అది నిజమే, కాదన్ను. కానీ వాళ్లు మార్చి ఇచ్చారు. చవక కంపెనీలు ఏం చేశాయో నేను చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.
1968లో అమెరికా గన్ కంట్రోల్ యాక్ట్ తెచ్చి, చిన్నా చితకా నాసిరకం పిస్టళ్లు బయటి దేశాల నుంచి రాకుండా ఆపింది. ఆ పరీక్ష దిగుమతులకే, లోపల తయారయ్యేవాటికి లేదు. దాంతో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల రేవెన్, జెన్నింగ్స్, బ్రైకో, డేవిస్, లోర్సిన్ అని ఒకదాని వెనక ఒకటి కంపెనీలు పుట్టాయి, అన్నీ జింకు పోతవే. వాటిల్లో బ్రైకో వాళ్ల మోడల్ 38కి సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) పెట్టి స్లైడు లాగితే రౌండు ఇరుక్కునే జబ్బు ఉండేది. ఆ జబ్బు నయం చెయ్యకుండా, సేఫ్టీ తీస్తేనే స్లైడు కదిలేలా డిజైన్ మార్చారు. అంటే అన్‌లోడ్ చెయ్యాలంటే పేలే స్థితికి తేవాల్సిందే. 1994లో కాలిఫోర్నియాలో ఒకతను ఇంట్లో దాన్ని ఖాళీ చేద్దామని సేఫ్టీ తీశాడు, పేలింది, 7 ఏళ్ల పిల్లాడికి దవడలోంచి తగిలి మెడ కింద నుంచి శరీరం పడిపోయింది. 2003లో జ్యూరీ 5 కోట్ల డాలర్లకి పైగా నష్టపరిహారం అంది, అందులో కంపెనీ వైపు వాటా 2.4 కోట్ల దాకా. కంపెనీ ఐపీ పెట్టేసింది. ఫ్యాక్టరీ ఆస్తులు వేలానికొస్తే ఆ పిల్లాడి తరఫువాళ్లు కొని మూయించాలని పాడారు, పాత ఫోర్‌మనే ఇంకాస్త ఎక్కువ పాడి దక్కించుకుని వేరే పేరుతో మళ్లీ పిస్టళ్లు మొదలెట్టాడు.

డాలస్_టు_గుంటూరు:
ఆ కేసు నాకూ తెలుసు, ఘోరం. కానీ అది బ్రైకో, ఇది హై-పాయింట్. వేరే కంపెనీ, వేరే డిజైన్. ఆ కేసులో కూడా ట్రిగ్గర్ మీద వేలు పెట్టింది మనిషే కదా, పిల్లాడి వైపు గురిపెట్టి ఖాళీ చేసింది మనిషే కదా. జ్యూరీ కూడా అందరికీ వాటాలు పంచింది. అజాగ్రత్తగా ఉండేవాడికి ఐదొందల డాలర్లది ఇచ్చినా అంతే.

లబ్బీపేట_టీచర్:
అజాగ్రత్త అని అంత తేలిగ్గా అనకండి. మా పిన్ని కొడుకు అక్కడ రూమ్మేట్స్‌తో ఉండేవాడు. రూమ్మేట్ ఒకడు చవక పిస్టల్ కొన్నాడు, మ్యాగజైన్ తీసేశాడు, ఖాళీ అయిందనుకున్నాడు. లోపల ఒక రౌండు ఉండిపోతదని అతనికి ఎవరు చెప్పారు? షాపులో కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చి పంపారు. మావాడి అరచేతిలోంచి దూసుకెళ్లింది. రెండు వేళ్లు ఇప్పటికీ మడవలేడు, కీబోర్డు మీద కూచుంటే నొప్పి. ఆ కుర్రాడు అజాగ్రత్త మనిషి కాదు, చాలా మంచి పిల్లాడు, ఏడ్చాడు. అతనికి తెలీదు అంతే.

డాలస్_టు_గుంటూరు:
తెలీనివాడు కొనకూడదు.

లబ్బీపేట_టీచర్:
ఇందాక పేదవాళ్ల హక్కు అన్నారు. ట్రైనింగుకి డబ్బుల్లేనివాడు, లాకర్ కొనలేనివాడు, కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజికి వెళ్లే తీరిక లేనివాడే కదా చవకది కొనేది. అలాంటివాడి చేతికి వెళ్లే వస్తువే అన్నిటికన్నా ఎక్కువగా తప్పుల్ని క్షమించేదిగా ఉండాలి. మీరు రివర్స్‌లో చెప్తున్నారు, వస్తువు ఎలా ఉన్నా పర్లేదు మనిషి పర్ఫెక్ట్‌గా ఉండాలని.

డాలస్_టు_గుంటూరు:
మేడమ్, మీరెవరైనా రాత్రి రెండింటికి ఆ కౌంటర్ వెనక కూచున్నారా? నేను కూచున్నా. మాస్టర్స్ చేసేటప్పుడు ఒక స్టోర్లో నైట్ షిఫ్ట్. ఓనరు పగలు కూచుంటే పక్కన గన్ ఉండేది, సాయంత్రం దాన్ని తీసుకుని ఇంటికెళ్లిపోయేవాడు, నువ్వు స్టూడెంటువి ముట్టుకోకూడదు అనేవాడు. ఒక రాత్రి ఒకడొచ్చి తల మీద పెట్టాడు. గల్లా తీసిచ్చేశా, వదిలేశాడు కాబట్టి ఇక్కడ టైప్ చేస్తున్నా. కార్డు వచ్చిన నెలలోనే పిస్టల్ కొన్నా, నా దగ్గరున్న డబ్బుకి అదే వచ్చింది. అది పక్కనుంటే నిద్ర పట్టేది. ఏసీ గదుల్లో కూచుని జింకు కరుగుద్ది, చట్టం ఉంది అంటారు. తీరా అక్కడివాడు చచ్చాక మా అబ్బాయి మా అబ్బాయి అంటూ కలెక్టర్ ఆఫీసు చుట్టూ బాడీ కోసం తిరుగుతారు.

యార్డు_కమీషన్:
తమ్ముడూ మాట జాగ్రత్త. మామయ్యగారి చెల్లెలు ఇది చదవొచ్చు.

పటమట_కుర్రాడు:
🙏 కూల్ అవ్వండి అందరూ

ఆర్మరర్_రిటైర్డ్:
ఏసీ గదుల్లో నేనెప్పుడూ లేను. పోనీలే. తమ్ముడి భయం అవసరమైనప్పుడు పేలకపోతే ఎట్టా అని. టీచరక్కకీ నాకూ భయం అక్కర్లేనప్పుడు పేలితే ఎట్టా అని. కాలిఫోర్నియాలో 2001 నుంచి ఈ రెండింటికీ వేర్వేరు పరీక్షలున్నాయి. ఒకటి 600 రౌండ్లు కాల్చడం, మొదటి 20 ఆగకుండా పేలాలి, మొత్తం మీద ఆరు సార్లకి మించి ఆగకూడదు. రెండోది మీటరు పైచిలుకు ఎత్తు నుంచి కాంక్రీటు మీద ఆరు రకాలుగా పడేయడం, పేలకూడదు. యూట్యూబ్ వాళ్లు మొదటిదే చూపిస్తారు, బురదలో ముంచి కాలుస్తారు, అది చూసి మీ మేనల్లుడు ధైర్యంగా ఉన్నాడు. అమెరికా కేంద్రంలో అయితే వినియోగ వస్తువుల భద్రత చూసే కమిషన్ కిందకి తుపాకీలు రావు, పిల్లల ఉయ్యాలని వెనక్కి పిలిపించగలరు గానీ పిస్టల్‌ని కాదు.
మామయ్యగారూ, దాంట్లో ఫైరింగ్ పిన్ బ్లాక్, అంటే ట్రిగ్గర్ నొక్కితే తప్ప పిన్ను ముందుకి కదలకుండా ఆపేది, ఉందో లేదో మాన్యువల్లో చూడమనండి. లేకపోతే ఛాంబర్లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూచునే చోట, రౌండు ఉంచకూడదు. మ్యాగజైన్ పెట్టుకోవచ్చు, అవసరమైతే స్లైడు లాగాలి.

డాలస్_టు_గుంటూరు:
అవతలివాడు తల మీద పెట్టాక స్లైడు లాగే టైము ఉంటదా సార్?

ఆర్మరర్_రిటైర్డ్:
తల మీద పెట్టాక లోడై ఉన్నా తీసే టైము ఉండదు. నువ్వు గల్లా ఇచ్చే బతికావు, నువ్వే రాశావు.

లబ్బీపేట_టీచర్:
మామయ్యగారూ, మీరు మాట్లాడట్లేదు. అసలు బావగారు మంచిది కొనుక్కోమంటున్నారు కదా, ఆ తేడా డబ్బు పంపొచ్చు కదా? లేదా ఒక లాకర్ అన్నా.

బ్రాడీపేట_మామయ్య:
అన్నీ చదువుతున్నా అమ్మా. ఇందాక రాయడానికి మొహమాటపడ్డా. ఆ లీజు అడ్వాన్సు మా బావగారు ఇక్కడ ఫ్లాట్ తనఖా పెట్టి పంపారు. వాడు నెలనెలా ఆ ఈఎంఐకి పంపుతున్నాడు, కోడలు కూడా పగలు స్టోర్లోనే. రాత్రికి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు, వాడే ఉంటాడు. పది గంటలకి మూసేయరా అంటే రాత్రి అమ్మకాల మీదే ఈఎంఐ వస్తోంది మామయ్యా అన్నాడు. బావగారికి ఆ సంగతి వాడు చెప్పలేదు, నాకే చెప్పాడు. బావగారు మంచిది కొనుక్కో అని ఫోన్లో కేకలేస్తుంటే నాకేం మాట్లాడాలో తోచట్లేదు.

యార్డు_కమీషన్:
మరదే మొదట చెప్పాల్సింది. ఈఎంఐ సంగతి బావగారితో మీరు కూచుని మాట్లాడండి, బ్యాంకులో టెన్యూర్ పెంచమని అడగొచ్చు, నెలకి కొంత తగ్గుద్ది. గన్ తర్వాత.

డాలస్_టు_గుంటూరు:
సారీ మామయ్యగారూ, ఇందాక బాడీ అనకుండా ఉండాల్సింది. చిన్న లాక్ బాక్సు ముప్పై నలభై డాలర్లకి వస్తది, అది నేను అమెజాన్లో వాడి అడ్రస్‌కి ఆర్డర్ పెడతా, డబ్బులు వద్దు. ఇంటికి తీసుకెళ్లొద్దని చెప్పండి, పాప ఉంది, స్టోర్లోనే బాక్సులో పెట్టి తాళం వెయ్యమనండి.

బ్రాడీపేట_మామయ్య:
మీరందరూ చెప్పినవి వాడికి ఫోన్లో చదివి వినిపించా. రేంజికి వెళ్లొచ్చాడంట. ఒక మ్యాగజైన్‌తో బానే పేలింది, రెండోదాంతో మాటిమాటికీ ఇరుక్కుంది. ఇరుక్కున్నప్పుడు ఏం చెయ్యాలో తెలీక పక్కనున్నాయన్ని పిలిచాడంట.

డాలస్_టు_గుంటూరు:
చెప్పా కదా మ్యాగజైన్ అని. కంపెనీకి రాస్తే వారంటీ మీద ఇంకోటి పంపుతారు.

ఆర్మరర్_రిటైర్డ్:
మ్యాగజైన్ సంగతి సరే. ఇరుక్కున్నప్పుడు పక్కనున్నాయన్ని పిలవాల్సి వచ్చింది, స్టోర్లో అయితే ఎవర్ని పిలుస్తాడు? ప్రమాదాలు జరిగేది ఆ విడదీసే టైములోనే. నా నెంబరు మీకు మెసేజ్‌లో పెట్టా. ఆదివారం పొద్దున ఆరింటికి కాల్ కలపండి, అక్కడ శనివారం రాత్రి అవుద్ది. రౌండ్లన్నీ వేరే గదిలో పెట్టి కూచోమనండి. గొట్టం ఎటు ఉంచాలో, ముందు మ్యాగజైన్ తీసి తర్వాత స్లైడు లాగి లోపలికి వేలు పెట్టి ఎలా చూడాలో చేయిస్తా.

డాలస్_టు_గుంటూరు:
నేనూ ఉంటా ఆ కాల్‌లో. ఛాంబర్లో రౌండు విషయం మాత్రం నేను ఒప్పుకోలేదు సార్, అక్కడే మాట్లాడదాం.